అందరికీ తెలుసు, ఒక్కరూ చెప్పరు

(కొరియన్ టీవీ డ్రామాల్లో కాపురాలు, నేరాల గురించి ఒక ఫ్యామిలీ కోర్టు న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి మైకు వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు "కోర్టు అనుభవాలేవైనా చెప్పండి మేడమ్" అన్నారు. కొరియన్ డ్రామాల గురించి మాట్లాడతానన్నాను. ఫోన్‌లో అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఇరవై ఆరేళ్లుగా ఫ్యామిలీ కోర్టు వరండాల్లో నిలబడుతున్న మనిషికి, అందులోనూ తల నెరిసినావిడకి, ఈ పిచ్చేంటి అనుకుని ఉంటారు. నాకు ఈ అలవాటు చేసింది మా మేనకోడలు. నాకు ప్రేమకథలు చూపించాలని దాని సరదా. గొడుగులు, మంచు, బంగారంలాంటి అబ్బాయిలు. నాలుగు చూసేసరికి నాకు నిద్ర ముంచుకొచ్చింది. తర్వాత ఒకరోజు రిమోట్ నా చేతిలో ఉండగా పొరపాటున ఇంకో వీధిలోకి తిరిగాను. అక్కడ గొడుగులు లేవు. మొగుడు, పెళ్లాం, ఇద్దరి మధ్య ఒక అబద్ధం. అరే, ఇది నా ఆఫీసే కదా అనిపించింది. (నవ్వులు)

'ది వరల్డ్ ఆఫ్ ది మ్యారీడ్' చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సగం కంటే తక్కువే. అయితే ముగింపులు చెప్పను. ఒక్కచోట మాట తప్పుతాను, తప్పే ముందు చెప్తాను.

దాని కొరియన్ పేరుకి మన మాటల్లో ఆలుమగల లోకం అని అర్థం. 2020 మార్చి చివర్లో జేటీబీసీ అనే చానల్లో మొదలైంది. మనం లాక్‌డౌన్‌లో తలుపులేసుకుని కూర్చున్న రోజులవి. 16 ఎపిసోడ్లు. అసలు కథ వాళ్లది కాదు, 2015లో బీబీసీలో వచ్చిన 'డాక్టర్ ఫోస్టర్'ది. మొదటి ఎపిసోడ్‌కి ఆరు శాతం పైచిలుకు రేటింగ్ వచ్చింది. మే నెలలో ఆఖరి ఎపిసోడ్‌కి 28.37 శాతం. అంతకుముందు కొరియాలో ఏ కేబుల్ చానల్ డ్రామాకీ అంత రాలేదు.

కథ మీకు తెలిసినట్టే ఉంటుంది. జీ సన్-వూ ఒక చిన్న ఊళ్లో డాక్టరు. మంచి ఇల్లు, సినిమాలు తీస్తానని తిరిగే భర్త, బడికెళ్లే కొడుకు. ఒకరోజు భర్త మఫ్లర్ మీద తనది కాని పొడుగాటి వెంట్రుక ఒకటి కనిపిస్తుంది. ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. ఆ ఎపిసోడ్ చివర్లో ఆమె భర్త కారు డిక్కీ తెరుస్తుంది. అందులో ఇంకో ఫోన్. దాంట్లో ఫోటోలు. భర్త, ఆ అమ్మాయి కలిసి ఉన్న ఫోటోలు ఉంటాయనుకుంటాం. అవీ ఉన్నాయి. వాటితోపాటు సన్-వూ ప్రాణస్నేహితులు, పక్కింటి దంపతులు కూడా ఆ జంటతో కలిసి విహారానికి వెళ్లి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఫోటోలు. అవతల పార్టీ జరుగుతోంది. ఆ నవ్విన మొహాలే ఆ పార్టీలోనూ ఉన్నాయి.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటాం కదా మనం. ఆ సామెతని అంతకంటే బాగా చిత్రించిన సన్నివేశం నేను ఇంకెక్కడా చూడలేదు. కిమ్ హీ-ఏ అనే నటి ఆ డిక్కీ ముందు నిలబడి ఏడవదు. ఊపిరి మాత్రం తప్పుగా తీసుకుంటుంది. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు ఆ ఊపిరితోనే వస్తారు. "ఆయన సంగతి సరే మేడమ్, మా వదినకి ముందే తెలుసట" అని మొదలుపెడతారు. మొగుడి సంగతి రెండో వాక్యంలో వస్తుంది.

అప్పట్నుంచీ నేను ఏ కొరియన్ డ్రామా చూసినా ఒకటే వెతుకుతున్నాను. తప్పు చేసింది ఎవరో మొదటి గంటలోనే తెలిసిపోతుంది. తెలిసీ నోరు మూసుకున్నది ఎవరు? ఈ చీకటి డ్రామాలన్నీ బోనెక్కించేది వాళ్లనే అని నా అనుమానం.

ఇప్పుడు ఆ సీరియల్లో ఒక డైలాగు గురించి చెప్పాలి. గుట్టు రట్టయ్యాక భర్త, పట్టుబడ్డవాడు, సిగ్గుపడాల్సింది పోయి గొంతు చించుకుని అరుస్తాడు: "ప్రేమలో పడటం నేరం కాదు కదా!" కొరియాలో అది పెద్ద జోకైపోయింది. మీమ్‌లు, పేరడీలు, పిల్లలు కూడా అనుకరించారు. మనకి అది ఒక సిగ్గులేనివాడి మాటలాగే వినిపిస్తుంది. వాళ్లకి అందులో ఇంకో పొర ఉంది. కొరియన్లో 'చ్వే' అనే ఒకే మాట పాపానికీ నేరానికీ సరిపోతుంది. మనకి పాపం వేరు, నేరం వేరు, తప్పు వేరు. నేను కోర్టులో మాట్లాడేది మధ్యదాని గురించే. వాడు 'చ్వే కాదు కదా' అన్నప్పుడు పాపం కాదంటున్నాడా, నేరం కాదంటున్నాడా? వివాహేతర సంబంధం నేరం కాకుండా పోయి అప్పటికి అయిదేళ్లే అయింది. ఆ డైలాగు 2014లో పడి ఉంటే, నవ్వేలోపు పోలీసులు వచ్చేవాళ్లు.

అవును, నిజంగానే పోలీసులు. 1953 నాటి వాళ్ల శిక్షాస్మృతిలో 241వ సెక్షన్ ఉండేది. పెళ్లైనవాళ్లు ఇంకొకరితో సంబంధం పెట్టుకుంటే ఇద్దరికీ రెండేళ్ల దాకా జైలు. జపాన్ ఏలుబడిలో ఉన్నప్పుడు భార్య తప్పు చేస్తేనే శిక్ష, భర్తకి ఏమీ లేదు. 1953లో మగవాడినీ అందులోకి లాగారు. ఆ రోజుల్లో ఆస్తి, సంపాదన అంతా మగవాళ్ల చేతుల్లో ఉండేది కాబట్టి భార్యలకి అదొక రక్షణ అనుకున్నారు. చాలాకాలం ఆడవాళ్లు ఆ చట్టాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. కారణం చెప్తాను. ఫిర్యాదు చేయాల్సింది భార్యే లేదా భర్తే. విడాకుల దావా వేస్తే తప్ప ఆ ఫిర్యాదు చెల్లదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కేసు పోతుంది. అంటే జైలు భయం చూపించి భరణం బేరమాడుకోవచ్చు. మా వృత్తిలో దీన్ని పద్ధతిగా 'రాజీ' అంటాం. (నవ్వులు)

దానికి ఖరీదు కూడా ఉంది. భార్య పోలీసుల్ని వెంటబెట్టుకుని లాడ్జీ తలుపు తట్టాలి. లోపల దొరికింది దొరికినట్టు సాక్ష్యం కావాలి. తన కాపురం కూలిన దృశ్యాన్ని తనే పంచనామా చేయించుకోవాలన్నమాట.

ఆ చట్టం మీద రాజ్యాంగ న్యాయస్థానానికి నాలుగుసార్లు వెళ్లారు. 1990, 1993, 2001, 2008. నాలుగుసార్లూ చట్టమే నిలబడింది. 2008లో వెళ్లింది ఒక పేరున్న నటి, ఆమె మీదే కేసు ఉంది. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు ఏదో ఒక రూపంలో చట్టాన్ని తప్పుపట్టారు. కొట్టెయ్యాలంటే ఆరుగురు కావాలి. ఒక్క ఓటు తక్కువైంది. చివరికి 2015 ఫిబ్రవరి 26న ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. చట్టం పోయింది. ఆ రోజు స్టాక్ మార్కెట్‌లో ఒక కండోమ్ కంపెనీ షేరు 15 శాతం పెరిగింది. జడ్జీలు అన్ని పేజీలు రాసినదాన్ని మార్కెట్ ఒక్క ముక్కలో రాసింది.

మన దగ్గర కూడా అలాంటి చట్టం ఉండేది, చాలామంది మర్చిపోయారు. ఐపీసీ 497. 1860 నాటిది. కొరియా చట్టానికీ దీనికీ పోలికే లేదు. మన 497లో భార్యకి శిక్ష లేదు. ఆహా అనుకోకండి, భార్యకి ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు. ఒక మగవాడు ఇంకో మగవాడి భార్యతో సంబంధం పెట్టుకుంటే, ఆ భర్త అవతలి మగవాడి మీద కేసు పెట్టొచ్చు. ఆ భర్త సమ్మతి ఉంటే అసలు నేరమే కాదు. అర్థమైందా? పొలంలోకి పక్కవాడి ఎద్దు వచ్చి పడితే పెట్టే కేసు అది. అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2018 సెప్టెంబర్ 27న ఏకగ్రీవంగా కొట్టేసింది. మనకి విడాకులకి అది ఇప్పటికీ కారణమే, నేరం మాత్రం కాదు.

సరే, కొరియాలో జైలు పోయింది. మరి కోపం ఎక్కడికి పోతుంది? డ్రామాల్లోకి వచ్చిందని నేననుకుంటాను. కోర్టు వెయ్యని శిక్షని కథ వేస్తుంది. అంతకుముందూ ఇలాంటి కథలు లేవని కాదు. 2008, 2009ల్లో వచ్చిన 'టెంప్టేషన్ ఆఫ్ వైఫ్'లో మోసపోయిన భార్య చెంప మీద ఒక పుట్టుమచ్చ పెట్టుకుని వేరే మనిషిగా తిరిగొస్తుంది. మాజీ మొగుడు గుర్తుపట్టడు. ఒక్క పుట్టుమచ్చ! దేశం దేశమంతా నవ్వుకుంటూనే చూసింది. అలాంటి అతి డ్రామాలని వాళ్లు 'మక్‌జాంగ్' అంటారు. బొగ్గు గనిలో ఆఖరి మొన, ఇక తవ్వడానికి దారి లేని చోటు అని దాని అసలు అర్థం. మన మధ్యాహ్నం సీరియళ్లు చూసి పెరిగినవాళ్లకి ఆ గని కొత్తేమీ కాదు. అదే రచయిత్రి తర్వాత 'ది పెంట్‌హౌస్' రాసింది, వంద అంతస్తుల మేడ, అంతస్తుకో హత్య అన్నట్టుంటుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను, నా బీపీకి మంచిది కాదు.

మక్‌జాంగ్‌కీ నేను చెప్పే డ్రామాలకీ తేడా ఉంది. అక్కడ భార్య వేషం మారుస్తుంది. ఇక్కడ భార్య సాక్ష్యం పోగేస్తుంది. సన్-వూ చేసేది చూడండి. ఆ అమ్మాయి ఎవరో కనుక్కుంటుంది, తన ఇంటి మీద తనకి తెలియకుండా భర్త తెచ్చిన అప్పు కనుక్కుంటుంది, లాయరుని కలుస్తుంది, అప్పుడు గానీ నోరు తెరవదు. ఎందుకు? కొరియాలో విడాకులు ఇప్పటికీ తప్పెవరిది అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. 2015 సెప్టెంబర్‌లో, అంటే ఆ నేరం పోయిన ఏడాదే, వాళ్ల సుప్రీంకోర్టుకి ఒక కేసు వచ్చింది. ఇంకొకరితో ఏళ్ల తరబడి ఉంటున్న భర్త నాకు విడాకులివ్వండి అన్నాడు. తప్పు చేసినవాడు విడాకులు అడగడానికి వీల్లేదన్న పాత నియమమే నిలిచింది, ఏడుగురికి ఆరుగురు. ఒక్క జడ్జీ అటు మొగ్గి ఉంటే వాళ్ల డ్రామాల్లో సగం కథలు నడిచేవి కావు. భార్య చేతిలో మిగిలిన ఆయుధం "నేనివ్వను" అనే ఒక్క మాట. అవతలిదాని మీద సివిల్ దావా వేసి నష్టపరిహారం అడగొచ్చు, అది రెండోది. రెండింటికీ రుజువు కావాలి.

రుజువు ఎవరు తెస్తారు? కొరియాలో చాలా ఏళ్లు ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోవడమే కుదిరేది కాదు. 2020 ఆగస్టులో గానీ ఆ పేరు వాడుకోనివ్వలేదు. అప్పటిదాకా 'పనులు చేసిపెట్టే కేంద్రాలు' ఉండేవి. సరుకులు తెచ్చిపెడతాం, సామాను మోస్తాం అని పైకి చెప్పుకుని, లోపల మీ ఆయన్ని వెంబడిస్తాం అనే దుకాణాలు. డ్రామాల్లో కవరులో ఫోటోలు తెచ్చిచ్చే టోపీవాడు అక్కణ్నుంచే వస్తాడు.

ఇక్కడ వకీలుగా ఒక మాట, చిన్నదే. 2024లో కొరియా సుప్రీంకోర్టు ఏమందంటే, మొగుడి ఫోన్‌లో భార్య గూఢచారి యాప్ పెట్టి తీసిన రికార్డింగులు పనికిరావంది. మన సుప్రీంకోర్టు 2025 జులైలో, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు చేసుకున్న రికార్డింగులు విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఆ రెండూ ఒకటే పరిస్థితి కాదు. అక్కడ వేరేవాళ్ల మాటలు దొంగచాటుగా వినడం, ఇక్కడ తన సంభాషణనే తను రికార్డు చేసుకోవడం. కానీ ఆ తీర్పు వచ్చిన వారం నా ఆఫీసుకి ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు పట్టుకొచ్చారో చెప్తే మీరు ఇంటికెళ్లి ఫోన్లు దాచుకుంటారు. (నవ్వులు)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చుట్టూ ఇంతమంది సాక్షులుండగా ఆ ఆడమనిషి వెంట్రుకలు, రసీదులు, రికార్డింగులు ఎందుకు ఏరుకుంటోంది? సాక్షులు నోరు తెరవరు కాబట్టి. స్నేహితురాలు చెప్పదు. అత్తగారు చెప్పదు. సెక్రటరీ చెప్పదు. పరువుని వాళ్లు 'చెమ్యోన్' అంటారు, అక్షరాలా అయితే ఒళ్లూ మొహమూ. మనకి 'ఇంటి గుట్టు లంకకు చేటు' ఉంది. వాళ్లకి ఇంకో సామెత ఉంది: మొగుడూపెళ్లాల దెబ్బలాట కత్తితో నీళ్లు కోయడం లాంటిదట. కోసిన వెంటనే కలిసిపోతాయి, మధ్యలో మనమెందుకు అని. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! ఆ కత్తి నిజంగా ఉన్న ఇళ్లలో కూడా ఇదే సామెత చెప్పుకుని పక్కింటివాళ్లు టీవీ సౌండు పెంచుకున్నారు.

టీవీ అంటే గుర్తొచ్చింది. కేబీఎస్ అనే వాళ్ల చానల్లో 1999 నుంచి పదేళ్లపాటు 'ప్రేమ, యుద్ధం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం వచ్చేది. వారానికో జంట కథ నాటకంగా వేసేవారు. చివర్లో ఆ జంట ఒక మధ్యవర్తుల బల్ల ముందు కూర్చుంటారు. పెద్దాయన ఒకాయన, షిన్ గూ అనే నటుడు, "నాలుగు వారాల తర్వాత కలుద్దాం" అంటాడు. అంతే, అయిపోతుంది. ఆ మాట దేశమంతటికీ ఊతపదమైపోయింది. 2008లో పరస్పర అంగీకార విడాకులకి కూడా నిజంగానే ఆలోచించుకునే గడువు పెట్టారు. పిల్లలుంటే మూడు నెలలు, లేకపోతే ఒక నెల. మా దగ్గర వాయిదా అంటాం దీన్ని. దానికి ఊతపదం అక్కర్లేదు, ప్రాణం పోయేదాకా గుర్తుంటుంది.

ఇప్పుడు కత్తి ఉన్న ఇళ్లలోకి వెళ్దాం. 2023లో వచ్చిన 'లైస్ హిడెన్ ఇన్ మై గార్డెన్'. ఎనిమిదే ఎపిసోడ్లు. కిమ్ టే-హీ వేసిన జూ-రాన్ పాత్రకి అద్దంలాంటి ఇల్లు, పిల్లల డాక్టరు భర్త, ముందు పూలతోట. ఆ తోటలోంచి ఏదో కంపు వస్తోంది అంటుంది. ఎరువు వాసన అంటాడు భర్త. గొంతు పెంచడు, ప్రేమగానే అంటాడు. ఆమె తవ్వి చూస్తుంది, మనిషి వేళ్లు కనిపిస్తాయి. నీకు ఆరోగ్యం బాగాలేదు, మందులు వేసుకుంటున్నావా అంటాడు. ఆమె అక్క ఎప్పుడో దారుణంగా చనిపోయింది, ఆ దిగులు మనసులో ఉంది. కాబట్టి ఆమె ముక్కుని ఆమే నమ్మలేని స్థితికి తెచ్చాడు. నేను చూసిన హింసల్లో ఇది అన్నిటికంటే నిశ్శబ్దమైనది. దెబ్బకి ఫోటో ఉంటుంది. "నీకు పిచ్చి" అన్నదానికి ఏం ఎగ్జిబిట్ మార్క్ చేయించను?

అదే కథలో ఇంకో ఇల్లుంది. లిమ్ జీ-యోన్ వేసిన సాంగ్-ఉన్, కడుపుతో ఉంది, మొగుడు కొడతాడు. ఆ మొగుడు చనిపోతాడు. తర్వాత ఆమె కూర్చుని జాజాంగ్‌మ్యోన్ తింటుంది. నల్ల సోయా ముద్ద కలిపిన నూడుల్స్, వాళ్లకి మన బిర్యానీ పొట్లంలాగా, ఎప్పుడుపడితే అప్పుడు తెప్పించుకునేది. ఆమె తినడం చూడాలి. బుగ్గలు నిండా కుక్కుకుని, మూతి నిండా నలుపు, ఎన్నేళ్ల ఆకలో. అందులో ఏడుపు లేదు, సంతోషం కూడా లేదు. ప్రేక్షకులు ఆ భోజనానికి 'మొగుడు పోయిన భోజనం' అని పేరు పెట్టి, అవే తెప్పించుకుని ఫోటోలు పెట్టుకున్నారు. మనకి వినడానికే భయంగా ఉంటుంది, మనవాళ్లు అలా పేరు పెడితే ఊరుకుంటామా? నాకు మాత్రం ఒక క్లయింటు గుర్తొచ్చింది. మొగుడు పోయిన పదకొండో రోజు వచ్చి, ఫైలు మూసెయ్యమని చెప్పి, "ఇవాళ కాఫీలో పంచదార నాకు నచ్చినంత వేసుకున్నాను మేడమ్" అంది.

'ది గ్లోరీ' చాలామంది చూసి ఉంటారు, అది బడిలో జరిగిన హింస మీద కథ. కానీ దాంట్లో నాకు అందరికంటే నచ్చింది పనిమనిషి హ్యోన్-నామ్. యోమ్ హే-రాన్ వేసింది. నేను దెబ్బలు తినేదాన్నే కానీ సరదా మనిషిని అంటుంది. ఆ సరదా మనిషి కథానాయికని అడిగే సాయం ఏంటంటే, నా మొగుణ్ని చంపిపెట్టండి అని. గుడ్డు ఉడకబెట్టిపెట్టండి అన్నంత మామూలుగా అడుగుతుంది. ఎవరినో ఎందుకు అడగాలి, పోలీసుల్ని అడగొచ్చు కదా? కొరియాలో గృహహింస మీద ప్రత్యేక చట్టం 1997లో చేశారు, మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. మన 2005 చట్టం కంటే ముందే. అయితే దాని మొదటి సెక్షన్లోనే దెబ్బతిన్న కుటుంబంలో శాంతిని తిరిగి నెలకొల్పడం అనే మాట ఉంటుంది. కొట్టినవాణ్ని కౌన్సెలింగ్‌కి వెళ్తానంటే ప్రాసిక్యూషన్ లేకుండా వదిలే పద్ధతి ఉంది. అక్కడి మహిళా సంఘాలు ఏళ్లుగా దీన్నే విమర్శిస్తున్నాయి. మనిషిని కాపాడుతున్నారా, కాపురాన్ని కాపాడుతున్నారా అని. కాపురం నిలబెట్టాలన్న జడ్జీల ఉత్సాహం మాకూ కొత్త కాదు, ఆ మాట ఇంతటితో ఆపేస్తాను, సోమవారం మళ్లీ కోర్టుకెళ్లాలి. (నవ్వులు)

నా అనుమానం నిజమని నాకు అనిపించింది 2025 నవంబర్‌లో. నెట్‌ఫ్లిక్స్‌లో ఒక సిరీస్ వచ్చింది, ఇంగ్లిష్ పేరు 'యాజ్ యూ స్టుడ్ బై'. ఒక జపాన్ నవల నుంచి తీసుకున్నారు. ఇద్దరు స్నేహితురాళ్లు. హీ-సూ పిల్లల కథలు రాస్తుంది, మొగుడి చేతిలో నరకం పడుతోంది. ఉన్-సూ పెద్ద షాపింగ్ మాల్లో డబ్బున్న ఖాతాదారులకి సేవలు చేసే ఉద్యోగి. చిన్నప్పుడు తన ఇంట్లో తల్లి దెబ్బలు తింటుంటే తను చూస్తూ ఉండిపోయింది. ఇద్దరూ కలిసి వాణ్ని చంపాలనుకుంటారు. హత్య పథకం, అచ్చం వాడిలాగే ఉండే ఇంకో మనిషి, అవన్నీ థ్రిల్లర్ సామగ్రి, బాగానే ఉంటాయి. అసలు సంగతి పేరులో ఉంది. ఇంగ్లిష్ పేరుకి నువ్వు చూస్తూ నిలబడగా అని అర్థం. కొరియన్ పేరు ఇంకా సూటిగా ఉంటుంది: "నువ్వే చంపావు". ఎవరు ఎవర్ని అంటున్నారు? హంతకుల్ని అంటున్నారనుకుని మొదలుపెడతాం. రెండు మూడు ఎపిసోడ్లయ్యాక వేలు మెల్లగా అత్తగారివైపు, ఆడపడుచువైపు తిరుగుతుంది. ఆ ఆడపడుచు పోలీసు ఉద్యోగి! తర్వాత సోఫాలో కూర్చున్న మనవైపు తిరుగుతుంది. నేను ఒకచోట ఆపేసి లేచి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. మా అపార్ట్‌మెంట్‌లో పైన ఒక ఇంట్లో గిన్నెలు పడే చప్పుడు ఎప్పుడూ రాత్రి పదకొండుకే ఎందుకు వస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

... కాస్త మంచినీళ్లు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 'ఫ్లవర్ ఆఫ్ ఈవిల్' 2020లోదే. భార్య హత్య కేసులు చూసే డిటెక్టివ్, భర్త లోహంతో బొమ్మలూ నగలూ చేసే పనివాడు, మంచి తండ్రి. పాత వరస హత్యల కేసు ఒకటి తవ్వుతుంటే దారి తన పడగ్గదికే వస్తుంది. ఇక్కడ సాక్ష్యం పోగేసే భార్యకి జీతం కూడా ఇస్తున్నారన్నమాట. దీన్ని హిందీలో 'దురంగా' అని తీశారు, 'డాక్టర్ ఫోస్టర్'ని 'ఔట్ ఆఫ్ లవ్' అని తీసి కూనూరులో పెట్టారు. రెండూ చూశాను. కూనూరు పొగమంచు బాగుంది. పక్కింటివాళ్ల మౌనం మాత్రం కొరియన్లంత బాగా మనవాళ్లకి తీయడం రాలేదు, మనకి అది కనిపించదనుకుంటా, గాలిలాంటిది.

ఇప్పుడు మాట తప్పే చోటు వచ్చింది. 'మిస్టీ' చూద్దామనుకునేవాళ్లు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. 2018లోది, 'వరల్డ్ ఆఫ్ ది మ్యారీడ్' తీసిన మో వాన్-ఇల్ అనే దర్శకుడిదే. న్యూస్ చదివే పెద్ద యాంకర్ మీద హత్యారోపణ. ఆమెని కోర్టులో కాపాడేది ప్రభుత్వ డిఫెన్స్ లాయరైన భర్త. చంపింది ఆ భర్తే. పదహారు గంటలు ఆయన వాదన విని, బాగుందే అని మెచ్చుకున్న వకీలుని నేను! అయితే అది నన్ను అంతగా బాధపెట్టలేదు. ఆమెకి ఆ నిజం తెలిసిన క్షణం బాధపెట్టింది. తెలిసింది, మరి చెప్పాలా వద్దా? మౌనంగా ఉండిపోయేవాళ్ల వరసలోకి ఈసారి భార్యే వచ్చి నిలబడింది. చెవులు తెరవొచ్చు.

ఇన్నీ విని, కొరియాలో ఎప్పుడూ భార్యలే బాధితులా మేడమ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. మగవాళ్లే అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. 2019లో సియోల్‌కి దగ్గర్లో గాప్యోంగ్ అనే చోట ఒక లోయలో ఒకాయన నీళ్లలో మునిగి చనిపోయాడు. ఈత రానివాణ్ని భార్య, ఆమె ప్రియుడు దూకమని ఉసిగొల్పారు. ఆయన పేరు మీద 80 కోట్ల వాన్‌ల జీవిత బీమా ఉంది. బీమా కంపెనీ అనుమానించి డబ్బు ఇవ్వలేదు. ఆ భార్య ఏం చేసిందో తెలుసా? ఎస్‌బీఎస్ చానల్లో 1992 నుంచి నడుస్తున్న ఒక నేర పరిశోధన కార్యక్రమం ఉంది, వాళ్లకి తనే ఫిర్యాదు చేసింది, నాకు అన్యాయం జరుగుతోందని. వాళ్లు కెమెరా పట్టుకుని బీమా కంపెనీ దగ్గరికి వెళ్లాల్సింది, ఆమె కథలోకి వెళ్లారు. 2023లో సుప్రీంకోర్టు ఆమెకి యావజ్జీవం, అతనికి 30 ఏళ్లు ఖాయం చేసింది. ఏ రచయిత అయినా ఈ మలుపు రాసుకొస్తే నమ్మశక్యంగా లేదు, మక్‌జాంగ్ అని వెనక్కి పంపేస్తారు. ఆ రోజు ఆ నీళ్ల దగ్గర వాళ్లిద్దరే లేరు, ఇంకా మనుషులున్నారు. అది మళ్లీ నా పాత పాటే.

నచ్చనివి కూడా చెప్పాలి, లేకపోతే మా మేనకోడలు నన్ను ఫ్యాన్ క్లబ్‌లో చేర్చేస్తుంది. 'వరల్డ్ ఆఫ్ ది మ్యారీడ్' ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒకడు సన్-వూ ఇంట్లోకి దూరి ఆమె మీద దాడి చేస్తాడు. ఆ దాడిని దాడి చేసేవాడి కళ్లలోంచి చూపించారు, వీడియో గేమ్‌లాగా. మన చేతులే ఆమె మెడ పట్టుకున్నట్టుంటుంది. కొరియాలో ప్రేక్షకులు గోల చేశారు, సరిగ్గానే చేశారు. చూస్తూ నిలబడ్డవాళ్లని నిలదీసే కథ, చూసేవాడికి గొంతు పిసికే సరదా ఎందుకు అందించింది? ఇంకోటి, ఈ డ్రామాల్లో బాధపడే ఆడవాళ్లందరి ఇళ్లూ పెద్దవే. గచ్చు మెరుస్తుంటుంది. సాంగ్-ఉన్ లాంటి ఇరుకు గది ఎప్పుడో ఒకటి. నా క్లయింట్లలో ఎక్కువమంది ఆ ఇరుకు గదివాళ్లే, వాళ్లకి ప్రతీకారం తీర్చుకోవడానికి సెలవు దొరకదు.

ఇక పిల్లాడి సంగతి చెప్పి దిగిపోతాను. సన్-వూ కొడుకు జున్-యంగ్. పెద్దవాళ్లిద్దరూ సాక్ష్యాలు పోగేసుకుంటుంటే వాడు మధ్యలో ఉన్నాడు. వాడికి నాన్న సంగతి తెలుసు. వాడు చెప్పలేదు. చెప్పని మిగతావాళ్లందరినీ కథ బోనెక్కించింది కదా, వీణ్ని ఏం చేయాలి? వాడి మౌనానికి వాళ్లెవరి మౌనంతోనూ పోలిక లేదు. ఫ్యామిలీ కోర్టులో కస్టడీ వాయిదాల రోజు పిల్లలు బెంచీ మీద కూర్చుని చిప్స్ తింటుంటారు. జడ్జిగారు లోపలికి పిలిచి అమ్మ దగ్గర ఉంటావా, నాన్న దగ్గర ఉంటావా అని అడుగుతారు. ఒకసారి ఒక పిల్లాడు చిప్స్ పాకెట్ మడిచి జేబులో పెట్టుకుని, "తాతయ్య వాళ్ల కుక్క దగ్గర ఉంటాను" అన్నాడు. దాన్ని రికార్డు చేయాలా వద్దా అని మా ఇద్దరు వకీళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

జున్-యంగ్ ఆఖరి ఎపిసోడ్‌లో ఏం చేస్తాడో చెప్పను, మాట ఇచ్చాను. చివర్లో ఇంట్లో తల్లి ఒక్కతే ఉంటుంది. తలుపు చప్పుడవుతుంది. ఆమె తలెత్తి చూస్తుంది, తెర చీకటైపోతుంది. ఎవరొచ్చారో చూసినవాళ్లకి తెలుసు, పక్కవాళ్లకి చెప్పకండి.

ఈ ఒక్కటి మాత్రం.

టీ వచ్చినట్టుంది.